‘తర్వాత చెప్తా’ అనని మా నానమ్మ

మా ఇంట్లో ఉప్పు డబ్బా మీద ‘ఉప్పు’ అని రాసి ఉండదు. “పప్పుల ముందే వేసిన. రుచి చూడకుండ మళ్ళ వెయ్యకుండ్రి” అని ఉంటుంది. కారం డబ్బా మీద “ఎల్దుర్తి మిరప. మంట ఎక్కువ. స్నిగ్ధ చెయ్యి పెద్దది, దానికియ్యొద్దు” అని ఉంటుంది. ఆ స్నిగ్ధను నేనే. ప్రతి రాత ముందు రెండు ఏటవాలు గీతలుంటాయి, ఇలాగ: //. ఇంటికొచ్చిన చుట్టాలు ఆ గీతలేమిటని అడుగుతారు. అడగొద్దని నేను కళ్ళతో సైగ చేస్తాను. వాళ్ళు నన్ను చూడరు, డబ్బానే చూస్తారు. అడుగుతారు. ఇక వాళ్ళ బస్సు పోయినట్టే.

ఆ గీతలు మా నానమ్మవి. పేరు ఆగమ్మ. హవేలిఘనపూర్‌లో వరిచేల మధ్య పుట్టి, మెదక్‌లో కోడలై, ఇప్పుడు ఊరి పిల్లలకు సి భాష నేర్పుతోంది. సి అంటే కంప్యూటరుకు పని చెప్పే భాషల్లో బాగా పాతది. పాతదని నేనంటే నానమ్మకు కోపం వస్తుంది.

“పాతది కాదే, పెద్దది. ఇంట్ల ఏది యాడున్నదో పెద్దోళ్ళకే ఎరుక” అంటుంది.

డబ్బా మీద ఉప్పని ఎందుకు రాయవే అని ఒకసారి అడిగాను.

“ఉప్పని తెలుస్తలేదా? నాలిక మీద పెడితే గదే చెప్తది. తెలవంది రాయాలె గని తెలిసింది రాస్తే ఏం లాభం?”

ఆ మాట చెప్పిన వారంలోనే మా మేనమామ వచ్చి, తనే చాయ్ పెట్టుకుని, ఒక గుటక మింగి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ముఖం చూశాక నానమ్మ ఏమీ మాట్లాడకుండా ఆ రాత కింద ఇంకో లైను కలిపింది: “// చక్కెర కాదు.”

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. నా చదువు ఇంటర్ మొదటి ఏడాది లెక్కల దగ్గర ఆగింది. ఆగిందని నేనంటాను, పారిపోయిందని నానమ్మ అంటుంది. ఇప్పుడు రాందాస్ చౌరస్తా దగ్గర ఒక బిల్డింగు కింద సెల్‌ఫోన్ కవర్లు, తెర మీద అంటించే గ్లాసులు అమ్ముతాను. అదే బిల్డింగు మీది అంతస్తులో నానమ్మ పాఠం. మెట్ల మీదుగా ఆమె గొంతు నా దుకాణంలోకి దిగి వస్తుంది. అందువల్ల నాకు సి రాదు గానీ, సి మీద చాలా అభిప్రాయాలున్నాయి.

నానమ్మకు సి ఎలా వచ్చిందంటే, మా తాత భయస్థుడు కాబట్టి వచ్చింది. తాత అదే బిల్డింగులో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. పెళ్ళయి వచ్చిన నానమ్మ ఇంట్లో కూర్చోలేక మిషన్ల మీద చేతులు పెట్టింది. కొన్నాళ్ళకే తాతకంటే వేగంగా కొట్టడం మొదలుపెట్టింది. ఆ సంగతి తాత ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. నానమ్మ అందరికీ చెప్పింది. తర్వాత కంప్యూటర్లు వచ్చి, టైపు మిషన్లు తూకానికి పోయే రోజులొచ్చాయి. ఆ కొత్త పెట్టెను ముట్టుకుంటే షాక్ కొడుతుందని తాత అనుమానం. “నువ్వే పోయి నేర్చుకొని రా” అని నానమ్మను హైదరాబాదుకు పంపించాడు. కొడితే భార్యకే కొట్టనీ అనుకున్నాడేమో అని నేనంటే, నానమ్మ గంటె ఎత్తుతుంది. కానీ నవ్వుతూనే ఎత్తుతుంది.

అమీర్‌పేటలో చుట్టాలింట్లో ఉండి ఆమె ఒక సెంటర్లో చేరింది. మొదటి రోజు సారు బోర్డు మీద మొదటి లైను రాశాడు: హ్యాష్ ఇంక్లూడ్, ఎస్‌టిడి ఐఓ, డాట్ హెచ్. అందరూ రాసుకున్నారు. నానమ్మ లేచి, ఇదేంది సార్ అని అడిగింది. “ఇప్పటికి ఇట్లే రాసుకోమ్మా, తర్వాత చెప్తా” అన్నాడాయన. రోజూ ప్రతి ప్రోగ్రాం నెత్తి మీద ఆ లైను రాస్తూనే ఉన్నారు. కోర్సు అయిపోయింది. ఆఖరి రోజు అందరూ మిఠాయి తింటుంటే నానమ్మ మిఠాయి చేత్తో పట్టుకుని మళ్ళీ అడిగింది. “అది అట్లే ఉంటుందమ్మా” అన్నాడు సారు.

ఆ మిఠాయి తిన్నావా లేదా అని నేనడిగాను.

“తిన్న. మిఠాయి ఏం తప్పు చేసింది? గని మెదక్ దిగేదాక బస్సుల ఒక్కటే అనుకున్న. నేను చెప్పే పాఠంల తర్వాత చెప్తా అనే మాట ఉండొద్దని.”

ఉండలేదు. అదే వచ్చిన చిక్కు. నానమ్మ క్లాసులో మొదటి రోజంతా మొదటి లైనే. కొన్ని బ్యాచులకు రెండో రోజు కూడా మొదటి లైనే. పిల్లలు దాన్ని స్టూడియో డాట్ హెచ్ అని చదువుతారు, ఫొటోలు దిగే స్టూడియో అనుకుంటారు. ఆ అనుమానం తీర్చేసరికే ఒక పూట పోతుంది. కింద దుకాణంలో నాకు ఆ పాఠం నోటికొచ్చింది. కవరు కొనడానికొచ్చిన వాళ్ళకు కూడా వచ్చింది.

ఇక కామెంట్ల సంగతి. ప్రోగ్రాం మధ్యలో రెండు ఏటవాలు గీతలు పెట్టి ఏం రాసినా కంప్యూటరు దాన్ని చదవకుండా దాటిపోతుంది. అది మనుషుల కోసం. ఆ మాట నానమ్మకు ఎవరు చెప్పారో గానీ, చెప్పకుండా ఉండాల్సింది. ఆమె రాసే ప్రోగ్రాం బెత్తెడు, కామెంట్లు బారెడు. అన్నీ తెలుగులోనే. “// ఈ లైను మొన్న తప్పు రాసిన. కరెంటు పోవుడు మంచిదయింది, ఆలోచించుకున్న. ఇప్పుడు నమ్మొచ్చు.” “// ఇక్కడ సున్నా నుంచి ఎందుకు లెక్కపెడుతున్నమంటే, మొదటి గది ఖాళీ ఉండొద్దని. మీ ఇష్టమొచ్చినట్టు మార్చకుండ్రి.” చదివితే ఎదురుగా కూర్చుని ముచ్చట చెబుతున్నట్టే ఉంటుంది, మధ్యలో లేవనివ్వదు కూడా.

పిల్లలు మాత్రం కళ్ళకు కనపడేదే రాస్తారు. ఒక పిల్లవాడు, ఐ అనే పేరున్న అంకెకు ఒకటి కలిపే లైను పక్కన, ‘ఐకి ఒకటి కలుపుతున్నాం’ అని కామెంటు రాశాడట. నానమ్మ గొంతు మెట్లు దిగి వచ్చింది.

“కలుపుతున్నవని కనపడ్తలేదారా? నీ అంగీ మీద ‘ఇది అంగీ’ అని రాసుకొని తిరుగుతవా? ఎందుకు కలిపినవో రాయి!”

నా దుకాణంలో కవరు చూస్తున్న ఆవిడ తన చీర వైపు ఒకసారి చూసుకుంది.

ఈ వేసవిలో వచ్చింది అసలు గండం. సెంటరు ఇప్పుడు పరమేశ్‌ది. ఒకప్పుడు నానమ్మ దగ్గరే సి నేర్చుకోవడానికి వచ్చి, మొదటి లైను దగ్గరే విసుగొచ్చి మానేసినవాడు. తాత పోయాక సెంటరు తీసుకుని ఏసీ పెట్టించాడు, రంగురంగుల బోర్డు పెట్టించాడు, నానమ్మను మాత్రం తీసేయలేదు. మంచివాడు. మంచివాళ్ళు చెడ్డ కబురు చెప్పేటప్పుడు చాయ్ తెప్పిస్తారు. ఆ రోజు ఉస్మానియా బిస్కెట్లు కూడా తెప్పించాడు. అప్పుడే నాకు అర్థమైంది.

“మేడం, ఏమనుకోకుండ్రి. సి బ్యాచుకు పిల్లలు వస్తలేరు. అందరు ఏఐ ఏఐ అంటున్నరు. ఆదివారం డెమో క్లాసు పెడదాం. గా డెమోకు వచ్చినోళ్ళల్ల సగం మందన్న చేరితే సరే. లేకుంటే ఈ గది ఏఐ బ్యాచుకు ఇచ్చేద్దాం. మీరు జర రెస్టు తీసుకోండ్రి.”

“రెస్టా? ఇంట్లకెల్లి తీసుకొచ్చిన రెస్టే ఇంక అయిపోలే” అంది నానమ్మ.

“గట్ల కాదు మేడం. ఇప్పుడు ఫోన్‌ను అడిగితే ప్రోగ్రాం అదే రాసిస్తది.”

“రాసిస్తది. గది రాసిన దాంట్ల గూడ మొదటి లైను గదే. ఎందుకో నీకింక తెలువకపాయె.”

పరమేశ్ బిస్కెట్ చాయ్‌లో ముంచి ఆలోచించాడు. బిస్కెట్ విరిగి లోపల పడింది. చెంచాతో తీసుకుంటూ అసలు మాట చెప్పాడు.

“ఒక్కటే మాట మేడం. డెమో గంట సేపే. గంటల ప్రతి పిల్లగాడు తన పేరు తెర మీద చూసుకోవాలె. గందుకే మొదటి లైను గురించి చెప్పకుండ్రి. ఇప్పటికి ఇట్లనే రాసుకోండ్రి, తర్వాత చెప్తా అనుండ్రి. అంతే. కామెంట్లు గూడ వద్దు. పిల్లలు చూసి పరేషాన్ అయితరు.”

నానమ్మ చాలాసేపు మాట్లాడలేదు. నానమ్మ మాట్లాడకపోవడం నేను అంతకుముందు పంటి డాక్టరు దగ్గర ఒక్కసారే చూశాను. చివరికి, “సరే తీ” అంది.

మెట్లు దిగేటప్పుడు ఆమె చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. “పిల్లలకు పాఠం చెప్పకుంటే నేనేం జెయ్యాలె? సీరియళ్ళు చూసుకుంట కూసోవాల్నా? గా అత్తలను చూస్తే నాకు బీపీ వస్తది.” నవ్వుతూ అన్నట్టే అంది. కానీ ఆ సాయంత్రం పప్పులో ఉప్పు వేయడం మర్చిపోయింది, డబ్బా మీద అంత రాసుకుని కూడా.

అందుకని నేనే రంగంలోకి దిగాను. వంటింట్లో రిహార్సల్ పెట్టాను. నేను పిల్లనట, ఫ్రిజ్ బోర్డట. కుక్కర్ మూడు కూతలు పెట్టేలోగా నానమ్మ మొదటి లైను దాటి పోవాలి.

“ఈ లైను ఇప్పటికి ఇట్లనే రాసుకోండ్రి” అని మొదలుపెట్టింది. “తర్వాత...” దగ్గు వచ్చింది. నీళ్ళు తాగింది. “తర్వాత...” మళ్ళీ దగ్గు.

“చెప్తా అను నానమ్మా. మూడక్షరాలు గూడ లేవు.”

“రాదే. గొంతులకు వచ్చి ఆగుతున్నది.”

“రోజు మా నాయనకు చెప్తవు గదా, టీవీ రిమోట్ తర్వాత ఇస్తా అని?”

“గది వేరు. గది ఎట్లయినా ఇయ్య.”

అన్నం మాడింది. నానమ్మ రెండో లైనుకు రాలేదు. మా అమ్మ మాడిన అడుగు గీకుతూ, కుక్కర్ మీద కూడా ఒక కామెంటు రాసిపెట్టమంది.

ఆదివారం వచ్చింది. చర్చికి పోయేవాళ్ళతో రోడ్డు నిండుగా ఉంది. సెంటరు గదిలో సగానికిపైగా కుర్చీలు నిండాయి. మిగతావి బోసిగా కనపడకుండా నన్ను కూడా వచ్చి కూర్చోమన్నాడు పరమేశ్. దుకాణం షట్టరు సగం దించి, వెనక వరుసలో నేనూ విద్యార్థినై కూర్చున్నాను. ఇంటర్ లెక్కల పరీక్ష తర్వాత క్లాసులో కూర్చోవడం అదే మొదటిసారి.

నానమ్మ ఇస్త్రీ చీరలో వచ్చింది. తెర మీద ఆమె ప్రోగ్రాం కనిపించింది. ఒక్క కామెంటు లేదు. ఏడుపాయల గుడికి పోయి గుండు చేయించుకుని వచ్చినట్టుంది. నాకే జాలేసింది.

నా ముందు కుర్చీలో శివ్వంపేట నుంచి వచ్చిన సుమన అనే అమ్మాయి. పక్కనే వాళ్ళ నాన్న భూమయ్య, తలకు రుమాలు చుట్టుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, తనకే పరీక్ష అన్నట్టు నిటారుగా కూర్చున్నాడు. బిడ్డ ఏం చదువుతుందో చూసి గాని పంపనని వచ్చాడట.

నానమ్మ మొదటి లైను చూపించింది. “ఇది ఇప్పటికి ఇట్లనే రాసుకోండ్రి. తర్వాత...” అని ఆగింది. తలుపు దగ్గర పరమేశ్ ఊపిరి బిగబట్టాడు. నానమ్మ నీళ్ళు తాగి, “ఆఁ, తర్వాతి లైను” అని ముందుకు పోయింది. చెప్తా అనలేదు. అబద్ధమూ ఆడలేదు, మాటా తప్పలేదు. పరమేశ్ గడియారం చూసుకుని బొటనవేలు ఎత్తి చూపించాడు. నానమ్మ మాత్రం ఆ మొదటి లైను వైపు, పెళ్ళి పందిట్లో పిలవకుండా వదిలేసిన చుట్టం వైపు చూసినట్టు చూసింది.

పిల్లలు టకటకా కొడుతున్నారు. ఒక్కొక్కరి తెర మీద వాళ్ళ పేరు వస్తోంది. నవ్వులు వినిపిస్తున్నాయి. అప్పుడు నా ముందు చిన్న గొడవ మొదలైంది.

“బిడ్డా, శ్రీ పెట్టినవా?” అని భూమయ్య మెల్లగా అడిగాడు.

“కంప్యూటర్ల పెట్టరు నాయినా.”

“కొత్త పని, శ్రీ లేకుండ ఎట్ల? బోరు వేసేటప్పుడు కొబ్బరికాయ కొట్టినం గదా.”

“కొట్టినా నీళ్ళు వడలే గదా.”

“కొట్టకపోతే రాయి వడుతుండె. పెట్టు.”

మా నానమ్మ కామెంట్ల పుణ్యమా అని అక్కడి కంప్యూటర్లన్నిటిలో తెలుగు కీబోర్డు ఉంటుంది. సుమన అందరికంటే పైన, మొదటి లైనుకు కూడా పైన, శ్రీ అని కొట్టింది. బటన్ నొక్కింది. పేరు రాలేదు. తెర కింద ఎర్ర అక్షరాలు బారులు తీరాయి.

పరమేశ్ పరుగున వచ్చాడు. పేర్లు వచ్చిన పిల్లలందరూ ఇటే చూస్తున్నారు. చెమట తుడుచుకుని, తొందరలో, “ఏం లేదు ఏం లేదు, మీద ఉన్నదంత మర్యాదకు రాసేదే, తీసేస్తే అయిపోతది” అని శ్రీతో పాటు దాని కిందున్న మొదటి లైను కూడా చెరిపేశాడు. ఆ లైను కూడా పుస్తకం మొదట్లో రాసే శ్రీలాంటిదే అని ఆయన ఇన్నేళ్ళుగా అనుకుంటున్నాడు. మధ్యలో మానేసినవాడు కదా, పాపం.

మళ్ళీ బటన్ నొక్కాడు. మళ్ళీ ఎర్ర అక్షరాలు. ఈసారి వేరేవి.

భూమయ్య లేచి నిలబడ్డాడు. “చూసినవా! శ్రీ తీసేసినవు, చెడింది!”

గది గొల్లుమంది. నేను కుర్చీలోంచి జారబోయాను. పరమేశ్ ఇంకో రెండు బటన్లు నొక్కాడు, అవీ పనిచేయలేదు. “మా బిడ్డ ఒక్కదానికే ఎందుకు రాలేదు మరి?” అన్నాడు భూమయ్య, ఈసారి నవ్వకుండా. సుమన తల దించుకుంది. నవ్వులు ఆగాయి. తలుపు దగ్గరున్న ఇద్దరు సంచులు సర్దుకోవడం నాకు కనిపించింది.

నానమ్మ బోర్డు దగ్గర సుద్దముక్క పట్టుకుని, కదలకుండా, పరమేశ్ వైపే చూస్తోంది. మాట ఇచ్చింది కదా. పరమేశ్ గడియారం చూశాడు, భూమయ్యను చూశాడు, రెండు చేతులూ జోడించాడు.

“చెప్పుండ్రి మేడం.”

నానమ్మ బల్ల మీది నీళ్ళ గ్లాసు పక్కకు జరిపేసింది. ఇక దగ్గు రాదని నాకు తెలుసు.

“అన్నా, కూసో. మీ ఇంట్ల ఈ మధ్య పెండ్లి అయిందా?”

“పోయిన నెలనే. పెద్ద బిడ్డది.”

“బగారన్నం దేంట్ల వండిండ్రు?”

“గుండిగల.”

“అంత పెద్ద గుండిగ మీ ఇంట్ల ఉన్నదా?”

“ఇంట్లెందుకుంటది? టెంట్ హౌస్ నుంచి కిరాయికి తెచ్చినం.”

“గదీ! పేరు తెర మీద రాసుడు గూడ పెద్ద పనే. ఆ పని చేసేటోని పేరు ప్రింట్ఎఫ్. వాడు మన ఇంట్ల లేడు, టెంట్ హౌస్‌ల ఉంటడు. ఈ మొదటి లైను ఏం చేస్తదంటే, టెంట్ హౌసోని తాన ఏమేమున్నయి, దేన్ని ఎట్లడగాలె అని ముందుగాల్ల మనకు తెలిపిస్తది. సామాను తేదు, సామాను గురించిన ముచ్చట తెస్తది. దీన్నే హెడర్ అంటరు. సామాను వేరే గోదాంల ఉంటది. అంత అయినంక ఆఖర్ల ట్రాలీ ఆటో తెచ్చి కలుపుతది. గా లైను ఇప్పుడు మా పరమేశ్ చెరిపేసిండు. గందుకు మిషను ఏమంటున్నది?” తెర మీద ఎర్ర అక్షరాల కింద వేలు పెట్టి చదివింది. “‘ప్రింట్ఎఫ్ అంటున్నవు, గాడెవ్వడు? నాకెవ్వలు చెప్పలే’ అంటున్నది.”

“మా టెంట్ హౌసోడు గుండిగ తెచ్చి మూత మర్చిపోయిండు” అన్నాడు భూమయ్య, పాత బాధ గుర్తొచ్చి.

“మూతల సంగతి ముందే మాట్లాడుకోలే. గట్ల అయితది.”

సంచులు సర్దుకున్నవాళ్ళలో ఒకడు సంచి కింద పెట్టి చెయ్యెత్తాడు. “మేడం, గా లైను మీదనే ఎందుకు రాయాలె? కింద రాస్తే కాదా?”

“మిషను మీదికెల్లి కిందికి చదువుతది కొడుకా. పెండ్లయి, బువ్వలు తిని చేతులు కడుక్కున్నంక గుండిగ తెస్తే ఎవనికి?”

ఇంకో అమ్మాయి, “మరి ఆ లైన్ల ఎస్‌టిడి ఐఓ డాట్ హెచ్‌కు అటొకటి ఇటొకటి ముక్కు గీతలెందుకు మేడం?” అంది.

“గవి పెడితే ఊర్లున్న దుకాణానికి పో అని. వాటి జాగల జంట కామాలు పెడితే, ముందుగాల్ల మన ఇంటి అటక మీద చూడు అని. మనం సొంతంగ రాసుకున్న హెడర్ ఉంటే గట్ల పిలుస్తం.”

అటక మాట రాగానే అందరికీ తమ తమ ఇళ్ళలో అటకలు గుర్తొచ్చినట్టు తలలూపారు. నేనూ ఊపాను. మెట్ల కింద ఇన్నేళ్ళు విన్న పాఠమే, ఎదురుగా కూర్చుని వింటే వేరుగా ఉంది. ఈ మాట ఇంట్లో చెప్పను.

భూమయ్య మాత్రం ఇంకా తేలలేదు. “అన్ని సరే పంతులమ్మా. మరి మా శ్రీ?”

నానమ్మ సుమన పక్కకు వచ్చి వంగింది. చెరిపేసిన లైను అమ్మాయితోనే తిరిగి కొట్టించింది. దాని పైన మళ్ళీ శ్రీ కొట్టమంది. “ఇప్పుడు దాని ముంగట రెండు ఏటవాలు గీతలు పెట్టు బిడ్డా.”

పెట్టింది. // శ్రీ.

“మొదలు గిట్ల గీతలు లేకుండెగదా, అప్పుడు మిషను శ్రీని గూడ ఒక పనే అనుకున్నది. ఏం పనో తెలువక ఆగమైంది. గీతలు పెట్టినంక, ఇది నాకు కాదులే, మనుషుల ముచ్చట అని దాటి పోతది. దీన్ని కామెంట్ అంటరు. మిషను చదవది. మీరు చదువుతరు, సుమన చదువుతది, దేవుడు చదువుతడు.”

“దేవునికి సి వస్తదా?” అన్నాను నేను వెనక నుంచి. ఆగలేకపోయాను.

“నీకంటె వస్తది, ఊకో” అంది నానమ్మ తిరిగి చూడకుండానే.

సుమన బటన్ నొక్కింది. తెర మీద ‘సుమన’ అని వచ్చింది. భూమయ్య రుమాలు తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. బిడ్డ పేరు తెర మీద ఉన్నంతసేపూ నిలబడే ఉన్నాడు.

గంట ఎప్పుడో అయిపోయింది. శివ్వంపేట బస్సు కూడా పోయింది. అయినా ఎవరూ లేవలేదు. ఎవరో ప్రింట్ఎఫ్‌లో ఎఫ్ ఎందుకని అడిగారు, ఎవరో మెయిన్ అంటే ఏమిటని అడిగారు. నానమ్మ చెబుతూనే ఉంది. పరమేశ్ గడియారం చూడడం మానేసి, వెనక గోడకు ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. టెంట్ హౌస్ పాఠం వచ్చినప్పటి నుంచి ఆయన ముఖం, చాలా ఏళ్ళ కింద ఆగిపోయిన తుమ్ము ఇప్పుడు వచ్చినట్టుంది.

పోయేముందు భూమయ్య పరమేశ్‌తో అన్న మాట నేను మెట్ల మీద విన్నాను. “పురుగుమందుల దుకాణపోన్ని, ఈ మందు ఎందుకని అడిగితే, చేనుకు కొట్టు, నీకెందుకు అంటడు. ఈమె అడిగితే చెప్తది. మా బిడ్డను రాసుకో సారూ.”

తర్వాతి వారంలో లెక్క తేలింది. కుర్చీలన్నీ నిండలేదు. కానీ పరమేశ్ పెట్టిన గీటు దాటింది. గది మూసేయడానికి సాకు మిగల్లేదు. పొద్దున ఏఐ బ్యాచు, సాయంత్రం సి బ్యాచు అని పరమేశ్ రాజీ కుదిర్చాడు. కొత్త బోర్డు మీద నానమ్మ ఫొటో కింద ‘మొదటి రోజే మొదటి లైను’ అని రాయించాడు. ఫొటోలో నానమ్మ మాట్లాడుతున్నప్పుడు తీసినట్టుంది. మాట్లాడనప్పుడు తీయడం ఎవరికీ కుదరలేదట.

టెంట్ హౌస్ పాఠాన్ని ఫోన్‌లో తీసి సెంటరు ఛానల్లో పెట్టమని నాకు పని అప్పజెప్పాడు. తీశాను. చాలామంది చూశారు. కింద బాగుంది మేడం అని కొందరు రాశారు. ఒకాయన మాత్రం టెంట్ హౌస్ నంబర్ కావాలి, మా ఇంట్లో మంగళవారం ఫంక్షన్ ఉంది అని రాశాడు. నానమ్మ ఆయనకు హెడరంటే ఏమిటో మళ్ళీ మొదటి నుంచి వివరంగా జవాబు రాసింది. చివర భూమయ్యను అడిగి, టెంట్ హౌస్ నంబర్ కూడా ఇచ్చింది, మూతల సంగతి ముందే మాట్లాడుకోమని చెప్పి.

కొత్త బ్యాచు మొదలైంది. సుమన రోజూ వస్తోంది. ప్రతి ప్రోగ్రాం పైన // శ్రీ పెడుతోంది. చూసి మిగతావాళ్ళూ పెడుతున్నారు. ఒకమ్మాయి శిలువ గుర్తు పెట్టింది, ఒకబ్బాయి తనకిష్టమైన హీరో పేరు పెట్టాడు. నానమ్మ అందరివీ ఉండనిచ్చింది. “గీతలు ముందుగాల్ల పెట్టిండ్రా లేదా, గదొక్కటే చూస్తా” అంది.

బ్యాచు నడిచే సాయంత్రాలు నేను ఫ్లాస్కులో చాయ్ పోసి పైకి పంపిస్తాను. పాఠంలో పడితే నానమ్మ తాగదు, చల్లారిపోతుంది, ఇంటికొచ్చి నన్నే తిడుతుంది. అందుకని నిన్న ఫ్లాస్కు మీద కాగితం అంటించి, నేర్చుకున్న విద్య చూపించాను: “// చల్లారితే నా తప్పు కాదు. స్నిగ్ధ.”

క్లాసు అయ్యాక ఫ్లాస్కు కింద నా దుకాణానికి వచ్చింది. ఖాళీగా ఉంది. నా రాతను నానమ్మ ఒక గీతతో కొట్టేసి, కింద తన చేతిరాతతో రాసింది:

“// ఇది కామెంటు కాదే, సాకు. ఎందుకు చల్లారుతదో రాయి.”

కాసేపు ఆలోచించి రాశాను: “// నానమ్మ తర్వాత చెప్తా అనదు, గందుకు.”

ఈ రోజు ఫ్లాస్కు వచ్చింది. ఆ కాగితం అలాగే ఉంది, కొట్టేయలేదు.